నాగావళి తొలిచూలు

“కడుపుతో ఉన్న గుర్రాన్ని పస్తులు పెట్టింది. పిల్ల చచ్చింది. ఇంతే మేడమ్ కేసు. ఇందుల ఇంకో డిటెక్టివ్‌కు పనేముంది?”

ప్రదీప్‌కుమార్ అరిచి చెప్పాడు. కోపంతో కాదు. గంగ ఒడ్డున మెటియాబ్రుజ్‌లోని ఆ గుర్రాల సాలలో అరవకపోతే మాట వినపడదు. సాల వెనక గోడకు ఆనుకుని దర్జీ కార్ఖానా ఉంది. అన్ని కుట్టుమిషన్లూ ఒక్కసారే తిరుగుతుంటే పైకప్పు రేకులు కూడా సన్నగా అదురుతున్నాయి.

ఆ ఇంకో డిటెక్టివ్, రమాకుమారి, ఎదురుగా నిలబడిన గుర్రాన్ని చూస్తోంది.

నాగావళి మార్వారీ జాతి ఆడగుర్రం. ముదురు గోధుమ రంగు. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతున్నాయి. మంగళవారం తెల్లవారుజామున అది ఈనింది. పిల్ల చచ్చి పుట్టిందనీ, గంగలో కలిపేశాననీ సాల చూసుకునే మనిషి గురువులు చెప్పాడు. గురువారం గుర్రం యజమాని పట్టాభి నుంచి కబురు వచ్చింది. సాల నడిపే జగ్గమ్మ సరిగా మేపకపోవడం వల్లే పిల్ల పోయిందనీ, శుక్రవారం లారీ తెచ్చి గుర్రాన్ని తీసుకుపోతాననీ ఆ కబురు. దాన్ని మోసుకొచ్చినవాడే ఈ ప్రదీప్‌కుమార్. సాల్ట్ లేక్‌లో ఒక సెక్యూరిటీ కంపెనీ పరిశోధకుడు. వరంగల్ నుంచి వచ్చినవాడు. పట్టాభి ఫీజు కట్టి అతన్ని పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే జగ్గమ్మ భవానీపూర్‌లో రమాకుమారి ఆఫీసు మెట్లెక్కింది. “గుర్రం ఆయనది. కానీ నాను పస్తులెట్టినానంటే మాత్రం ఊరుకోను పాపా. మా మావగారి కాలం నుంచి ఈ రేవులో గుర్రాలు పెంచుతున్నాం. ఒక్క గుర్రానికి ఎముక బయటపడనేదు. ఆ మాట అబద్ధమని నువ్వు తేల్చాలి” అంది. కన్నీళ్లు పెట్టుకోలేదు. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు.

ఇప్పుడు కూడా ఆమె సాల మధ్యలో అలాగే నిటారుగా నిలబడి ఉంది. అరవై దాటినా భుజాలు వంగలేదు.

“పస్తులని ఎలా తేల్చారు?” అని రమాకుమారి ప్రదీప్‌కుమార్‌ను అడిగింది.

“సెనగల దుకాణంల అడిగిన. రెండు నెలల సంది ఈమె సెనగలు కొనుడే తగ్గించింది. కడుపుతో ఉన్న చివరి నెలల్ల తిండి పెంచాలె, తగ్గించొద్దు. నేను అన్నీ చదువుకునే వచ్చిన.”

“బాగా చదివినావు నాయనా” అంది జగ్గమ్మ. “సెనగలు తగ్గించి ఏటి పెట్టినానో అది కూడా చదవాల్సింది. ఆ మూల డ్రమ్ము మూత తియ్యి.”

అతను మూత తీశాడు. డ్రమ్ములో సగానికి పైగా ఓట్స్ ఉన్నాయి. గుప్పెడు తీసి చూశాడు. దుమ్ము లేదు, పురుగు లేదు.

“సెనగలు వేడి. ఈనబోయేదానికి అయి తగ్గించి ఇయి పెంచినాను. పచ్చిమేత పాలోళ్ళ బండి మీద వస్తాది. నువ్వు సెనగల కొట్టు ఒక్కటే అడిగినావు. మిగతా కొట్లోళ్ళు నీకు కానివాళ్ళా?”

ప్రదీప్‌కుమార్ మూత వేశాడు. “సరే. మరి కాళ్లకు ఇనుప నాడాలేవి? ఒక్క కాలికి కూడా లేవు. నాడాలు కొట్టేటోనికి ఇచ్చే పైసలు మిగిల్చినవా?”

“పుట్టిన పిల్ల తల్లి కాళ్ళ కిందే తిరుగుతాది. ఇనప కాలు దాని మీద పడితే బతుకుతాదా? అందుకే నెల ముందే పీకించినాను. పీకించడానికీ, గిట్టలు చెక్కించడానికీ డబ్బులు ఇచ్చినాను, మిగల్చనేదు.”

రమాకుమారి నవ్వు ఆపుకుంది. కటకటాల మీదుగా చెయ్యి చాపి గుర్రం డొక్క మీద రాసింది. పక్కటెముకలు వేళ్లకు తగిలాయి గాని కంటికి కనపడటం లేదు. బాగా మేసిన గుర్రం ఒంటి తీరు అది. వెంట్రుక నున్నగా మెరుస్తోంది. గిట్టల్లో కుళ్లు లేదు. వానాకాలంలో గంగ నీళ్లు గుమ్మం దాకా వచ్చే ఈ చోట గిట్టలు అంత పొడిగా ఉన్నాయంటే రోజూ ఎవరో ఒంగి తుడిచి ఉండాలి.

“పట్టాభి గారికీ నీకూ ఒప్పందం ఏమిటి పిన్నీ? ఈయన కూడా వినేలా చెప్పు.”

“ఏటుంది? ఆయన బ్యాంకులో పెద్ద ఆఫీసరు చేసి దిగినాడు. రాజస్థాన్ సంతకెళ్ళి ముచ్చటపడి దీన్ని కొన్నాడు. కొనడం ఒక్కరోజు పని కదా. ఆ తర్వాత మేత, గడ్డి, డాక్టరు, గిట్టలు చెక్కేవాడు, నట్టల మందు, కాపలా మనిషి. పండగొచ్చినా వానొచ్చినా ఆ ఖర్చు ఆగదు. ఆర్నెల్లకే దిమ్మ తిరిగి నా దగ్గరికి తోలుకొచ్చినాడు. వాటా మాట్లాడుకున్నాం. గుర్రం ఆయనది, మేపు నాది. అందుకని తొలిచూలు పిల్ల నాది, మలిచూలు ఆయనది. నాను సరిగా మేపకపోతే మాత్రం గుర్రాన్ని తీసికెళ్ళిపోవచ్చు. ఈ రేవులో గుర్రాలోళ్ళందరి మాటా ఇదే.”

“ఇది చూలు మోసిన పదకొండు నెలలూ ఆ ఖర్చంతా నువ్వే పెట్టావా?”

“పెళ్ళిళ్ళకి తిప్పే రెండు గుర్రాలూ తెచ్చిందంతా ఇదే తినీసింది.” జగ్గమ్మ గర్వంగా గుర్రం వైపు గడ్డం ఎత్తింది. “తిననీ. తినేదాన్ని మేపితేనే కదా మేపినట్టు.”

రమాకుమారి ఒక విషయం గమనించింది. జగ్గమ్మ ఇంత మాట్లాడుతున్నా కటకటాల దగ్గరికి రావడం లేదు. దూరంగా సాల మధ్యలోనే నిలబడి ఉంది.

“ఈనాక నాగావళిని దగ్గరగా చూశావా పిన్నీ?”

జగ్గమ్మ మొహం తిప్పుకుంది. “ఖరగ్‌పూర్‌లో మా చెల్లి మనవరాలి పెళ్ళి. ఈనడానికి ఇంకా వారం ఉన్నాదని గురువులు సెబితే నమ్మి ఎల్లినాను. వచ్చేసరికి అయిపోయింది. నిండు కడుపుతో ఉన్నదాన్ని ఒదిలీసి పెళ్ళికెళ్ళినాను. ఏ మొకం పెట్టుకుని దాని ముందుకి ఎల్లను?”

“అంటే మంగళవారం నుంచి దీన్ని ముట్టింది ఒక్క గురువులే.”

గురువులు గుమ్మం దగ్గర గడ్డి మోపు విప్పుతున్నాడు. జగ్గమ్మకు అన్న కొడుకు. ముప్పై ఏళ్లవాడు, రేవులో పని పోయాక అత్త దగ్గర చేరాడు. రాత్రిళ్లు సాల కాపలా కూడా అతనిదే. జగ్గమ్మ ఇల్లు రెండు సందుల అవతల ఉంది. పేరు వినగానే అతని చేతులు ఆగాయి.

“గురువులూ, పిల్ల పోయాక దీని పాలు ఏమైనా పిండావా?”

“నేదక్కా. చెయ్యెడితే తన్నేస్తాది. దగ్గరికే ఎల్లనేదు.”

రమాకుమారి గడియ తీసి లోపలికి వెళ్లింది. ఆమె తల్లి రేవు క్వార్టర్ల వెనక గేదెలు సాకి పాలు అమ్మింది. పొదుగు దగ్గర ఎలా కూర్చోవాలో ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. గుర్రం ఎడమ పక్కన, భుజానికి ఆనుకుని నిలబడి మెల్లగా చెయ్యి కిందికి పోనిచ్చింది. నాగావళి తన్నలేదు. అలవాటైన పని జరుగుతున్నట్టు వెనక కాలు కాస్త ఎడంగా పెట్టింది.

పొదుగు మెత్తగా, వదులుగా ఉంది. చన్నులు తడిగా ఉన్నాయి. పట్టుకుని లాగితే సన్నని ధార వచ్చి గడ్డి మీద పడింది.

“పిన్నీ, గేదెల సంగతి నాకు తెలుసు. గుర్రాల సంగతి నువ్వు చెప్పు. పిల్ల పోయిన తల్లి పాలు మీరు పిండుతారా?”

“పిండం. పిండితే ఇంకా ఊరతాయి. అలా ఒదిలేస్తే పొదుగు రాయిలా బిగిసి, తర్వాత దానంతటదే ఎండిపోతాది.”

“అయితే వచ్చి చూడు. రాయిలా ఉందా?”

జగ్గమ్మ కదల్లేదు. రమాకుమారి చెయ్యి చాపి నిలబడింది. చివరికి ఆమె వచ్చింది. నాగావళి ముక్కు రంధ్రాలు విప్పి ఆమె చీర కొంగు వాసన చూసి, తల తీసుకెళ్లి ఆమె భుజం మీద పెట్టింది. జగ్గమ్మ కళ్లు మూసుకుంది. ఒక్క క్షణం తర్వాత తెరిచి వంగి పొదుగు తడిమింది. వంగినప్పటి మొహం, లేచినప్పటి మొహం ఒకటి కాదు.

“దీన్ని పొద్దున్నే పిండినారు” అంది. “ఒకసారి కాదు. రోజూ పిండుతున్నారు.”

“ఆగండి” అన్నాడు ప్రదీప్‌కుమార్. “పాలు లేక కూడా పొదుగు వదులైతది. తిండి పెట్టకుంటే పాలెక్కడివి?”

“ఇప్పుడు గడ్డి మీద పడింది మీరు చూడలేదా? పాలున్నాయి. ఎవరో తీసుకెళ్తున్నారు. తిండి పెట్టలేదన్న మీ మాట అక్కడే పోయింది.” రమాకుమారి గురువులు వైపు తిరిగింది. “ఏం గురువులూ?”

“నొప్పి పడతాందని... కొంచెం పిండినానక్కా. పారబోసినాను.”

“ఇప్పుడే కదా తన్నేస్తుందన్నావు.”

“ఒకోపాలి తంతాది, ఒకోపాలి తన్నదు.”

“ఎక్కడ పారబోశావు?”

“అదే... కాలవలో.”

“పాలు పిండుడు నేరం కాదు మేడమ్” అని ప్రదీప్‌కుమార్ అడ్డం వచ్చాడు. “పిల్లను గంగల కలిపిండు. మీ దగ్గర సాక్ష్యం ఏముంది? లారీ ఇంకో గంటల వస్తది. నా రిపోర్టు నేను ఇస్త.”

“ఇవ్వండి. దానికి ముందు ఒక్క ప్రశ్న. మీరు గుర్రాల గురించి చదివారు కదా. పుట్టిన పిల్ల గంటకు ఎన్నిసార్లు తాగుతుంది?”

“చిన్న కడుపు. గంటకు ఒకటి రెండుసార్లన్నా తాగాలె.” చెబుతూ చెబుతూ అతను ఆగిపోయాడు.

“ఆ పిల్ల బతికే ఉండి ఈ పాలు దానికే పోతుంటే, సీసాతో మోసి ఎన్నాళ్లు బతికించగలరు? ఒకరోజు, రెండు రోజులు. తర్వాత తల్లినే తీసుకెళ్లాలి. అందుకే మీ పట్టాభి గారికి పిల్ల పోయిందన్న బాధ కంటే గుర్రాన్ని ఈ రోజే తీసుకుపోవాలన్న తొందర ఎక్కువగా ఉంది. పస్తులన్న మాట లేకపోతే ఒప్పందం ప్రకారం గుర్రం ఇక్కడి నుంచి కదలదు. ఆ మాట పుట్టించడానికి మిమ్మల్ని పంపారు.”

ప్రదీప్‌కుమార్ మొహం ఎర్రబడింది. “నన్ను వాడుకున్నడంటరా? నేను ఇంతవరకు ఒక్క తప్పు రిపోర్టు ఇయ్యలే మేడమ్. నోరు జాగ్రత్త.”

“ఇంకా ఇవ్వలేదుగా. అందుకే చెబుతున్నాను.”

“పిల్ల బతికే ఉందంటరు. ఏది? చూపించుండ్రి.”

ఎక్కడన్నది రమాకుమారికి ఇంకా తెలియదు. పాలు పాడవకముందే చేర్చాలి కాబట్టి పిల్ల దగ్గరలోనే ఉండాలని మాత్రం తెలుసు. ఆమె కింద పరిచిన గడ్డిని చూసింది. మేత తొట్టి ముందు వైపు ఉంది. అక్కడ గడ్డి పరిచింది పరిచినట్టే ఉంది. వెనక గోడ దగ్గర మాత్రం నలిగి, చితికి, కింద ఇటుకలు బయటపడ్డాయి. మూడు రోజులుగా గుర్రం తొట్టి వైపు కాక గోడ వైపే నిలబడుతోంది.

గోడ అవతల కార్ఖానా. మిషన్ల మోత.

సరిగ్గా అప్పుడు ఆ మోత తగ్గడం మొదలైంది. ముందు ఒక మూల ఆగింది, తర్వాత ఇంకో మూల. చివరి మిషను ఒక్కటీ గడగడమని ఊరుకుంది. రేకులు అదరడం మానేశాయి. మసీదు మైకు గరగరమంది. శుక్రవారం మధ్యాహ్నం. దర్జీలందరూ నమాజుకు లేచారు.

గురువులు చేతిలోని గడ్డి జారిపోయింది.

నాగావళి చెవులు రెండూ నిక్కాయి. మెడ చాచి, ఒళ్లంతా అదిరేలా సకిలించింది.

ఆ సకిలింపు ఆగాక, గోడ అవతల నుంచి, ఎక్కడో లోపలి నుంచి, సన్నగా, తెగిపోయే దారంలాంటి గొంతుతో ఇంకోటి పలికింది.

అది మళ్లీ పలికింది.

“నా పిల్ల!” జగ్గమ్మ గురువులు ముందుకి వెళ్లి నిలబడింది. కొట్టలేదు. తిట్టలేదు. చెయ్యి చాపింది. “తాళం.”

అతను చొక్కా ఎత్తి మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు.

ఆ తాళంచెవి కార్ఖానా పక్కన సందులోకి తెరుచుకునే చిన్న గోదాముది. షట్టరు ప్రదీప్‌కుమారే ఎత్తాడు. లోపల దర్జీలు వదిలేసిన కత్తిరింపు ముక్కల కుప్ప, ఎరుపూ పచ్చా నీలం కలిసి మోకాలి ఎత్తున ఉంది. దాని మధ్యలో నల్లటి గుర్రప్పిల్ల కాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. పక్కన రబ్బరు పీక ఉన్న సీసా. లేవబోయింది. ముందుకాళ్లు నిలిచాయి, వెనకవి నిలవలేదు.

జగ్గమ్మ గుడ్డముక్కల్లో కూర్చుని దాని నోట్లో వేలు పెట్టింది. “ఎచ్చగానే ఉన్నాది. ఆకలి, అంతే. ఆకలే.” మెడ కింద వేళ్లు పోనిచ్చి తడిమింది. గొంతుకు కాస్త దిగువన వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోట ఆ వేళ్లు ఆగిపోయాయి. తలెత్తింది. “దేవమణి సుడి, పాపా. మా మావగారు బతుకంతా ఎతికినా ఒక్క గుర్రానికీ దొరకనేదు. ఈ సుడి ఉన్నదానికి కొనేవాళ్ళు ఎంత అడిగితే అంత ఇస్తారు. నా సాలలో పుట్టినాది. నా మేపుకి పుట్టినాది.”

రమాకుమారి సాలలోకి వెళ్లి నాగావళి తాడు విప్పింది. తాడు పట్టుకోవలసిన పని లేకపోయింది. గుర్రం సందులోకి వచ్చి, ఎదురొచ్చిన ఆటోను కూడా లెక్క చేయకుండా నేరుగా గోదాములోకి నడిచింది. పిల్లను తల నుంచి తోక దాకా నాకింది. జగ్గమ్మ ఒక పక్క, ప్రదీప్‌కుమార్ ఇంకో పక్క పొట్ట కింద చేతులు వేసి పిల్లను లేపి నిలబెట్టారు. అది రెండుసార్లు గాలిలో వెతికింది. మూడోసారి చన్ను దొరికింది.

“అబ్బ, ఏం గుంజుతున్నదమ్మా” అన్నాడు ప్రదీప్‌కుమార్. తన ప్యాంటుకు అంటిన తడి కూడా అతను చూసుకోలేదు.

“ఏమిటీ గుంపు?”

సందు మొదట్లో లారీ ఆగి ఉంది. పట్టాభి గొడుగు ముడుచుకుంటూ వచ్చాడు. వెనక తాళ్లు పట్టుకుని ఇద్దరు మనుషులు. లోపలికి చూసి ఒక్క క్షణం ఆగి, వెంటనే మొహం సర్దుకున్నాడు. “అరెరె, పిల్ల బతికే ఉందా!”

“బాబూ, శుక్రవారం లోపల తీసికెళ్ళిపొమ్మని నాను సెప్పినాను కదా” అన్నాడు గురువులు, ఏడుపు గొంతుతో. “మిషన్లు ఆగిపోతాయని సెప్పినాను. లారీ దొరకనేదని మీరే ఆలీసం సేసినారు. పుట్టగానే ఆ సుడి ఫోటో పంపిన పాపానికి నన్ను...”

“నోరు ముయ్యి. పాలు దొంగిలించినవాడి మాట ఎవరు నమ్ముతారు?” పట్టాభి గొంతు పెంచలేదు. రమాకుమారి వైపు తిరిగి, బ్యాంకులో ఖాతాదారుకు సర్దిచెప్పినట్టు చెప్పాడు. “చూడండమ్మా. ఈ గోదాము అద్దెకు తీసుకున్నది నేను కాదు. కార్ఖానా వాళ్లను అడగండి. ఆధార్ కాపీ ఎవరిదో, అద్దె ఎవరి పేరు మీద ఉందో చూపిస్తారు. జగ్గమ్మ పేరు. పిల్ల చచ్చిందని ఊరంతా చెప్పించి తన గోదాములో దాచుకుంది. ఎందుకు దాచిందో పోలీసులు అడుగుతారు. నేను ఫోన్ చేసే వచ్చాను. ఈలోగా నా గుర్రాన్ని నేను తీసుకెళ్తాను.”

రమాకుమారికి అర్థమైంది. జగ్గమ్మ ఇంట్లోంచి ఆధార్ కాపీ తీసిందెవరో, ఎవరి కోసం తీశాడో చెప్పగలవాడు ఒక్కడే. ఆమె గురువులు కోసం తిరిగి చూసింది.

అతను నిలబడ్డ చోట ఎవరూ లేరు. నమాజు ముగించుకుని తెల్లటోపీలతో సందు నిండా మనుషులు వస్తున్నారు. ఆ గుంపులో ఎటు పోయాడో తెలియలేదు.

“పోయిండు” అన్నాడు ప్రదీప్‌కుమార్ పళ్లు బిగించి. “నేనైతే విన్న మేడమ్. వాడన్న ప్రతి మాట విన్న. పట్టాభి సార్, మీ ఫీజు మీకే పంపిస్త. నా రిపోర్టు మాత్రం పోలీసులకు ఇస్త.”

“ఇవ్వు నాయనా. నువ్వు విన్నది వాడి మాట. కాగితం మీద ఉన్నది ఈవిడ పేరు.” పట్టాభి తాళ్లవాళ్లకు సైగ చేశాడు. వాళ్లు గోదాము గుమ్మం దాకా వచ్చారు.

జగ్గమ్మ లేచింది. చీరకు అంటుకున్న గుడ్డముక్కలు దులుపుకోలేదు. ఎర్రముక్క ఒకటి భుజం మీద అలాగే ఉంది. గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

“నా పేరు మీద ఉన్నాదా బాబూ ఈ గోదాము?”

“కాగితంలో అంతే ఉంది.”

“మరి మంచిదే.” ఆమె గొంతు సందు చివరి దాకా వినపడింది. నడిచేవాళ్లు ఆగి చూశారు. “నా గోదాములో నా పిల్ల పాలు తాగుతాంది. పిల్ల తాగినంతసేపూ తల్లి దగ్గరుండాలి. గుర్రం మీదే, కాదననేదు. కానీ గుమ్మం నాది. పిలవకుండా నా గుమ్మంలో కాలెట్టినవాణ్ణి ఏటనాలో మీ కాగితమే సెబుతాది. దిగండి బయటికి.”

తాళ్లవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు వెనక్కి అడుగు వేశాడు. ఆ వెంటనే రెండోవాడు.

“పోలీసులు వస్తున్నారు జగ్గమ్మా” అన్నాడు పట్టాభి. అతని గొంతులో మొదటిసారి గరుకు వినపడింది. “ఆ మాట వాళ్లకు చెప్పు.”

“సెబుతాను. కూర్చోబెట్టి సెబుతాను. నాను ఏటి పెట్టి మేపినానో మొదట్నుంచి సెబుతాను. ఇనడానికి వాళ్ళకి ఓపిక ఉండాలి గాని.”

ఆమె చెయ్యి ఎత్తి షట్టరు అంచు పట్టుకుంది. రమాకుమారి లోపలికి జరిగింది. ప్రదీప్‌కుమార్ ఒక్క క్షణం సందులో నిలబడి, చెప్పులు విడిచి ఆమె వెనకే లోపలికి వచ్చాడు.

షట్టరు గడగడమంటూ దిగింది. చీకట్లో గుర్రం ఒంటి వెచ్చదనం తగిలింది. బయట పట్టాభి ఫోనులో ఎవరికో సందు పేరు చెబుతున్నాడు. ఎక్కడో దూరంగా జీపు హారన్ మోగింది. పక్కన కార్ఖానాలో మొదటి మిషను మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. లోపల మాత్రం పిల్ల తాగడం ఆపలేదు.